ఆ మాట అమ్మకు చెప్పకండి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను నిండు గర్భిణిని, గుండె దడ మనిషిని, మూత్రం ఆగిపోయిన తాతను, పాలపళ్ళు ఊడుతున్న పాపను, ఆ పాపకు మత్తుమందు ఇవ్వబోయే డాక్టరును. ఒక్కోసారి ఇవన్నీ ఒకే పూటలో. మతి చలించిన మనిషి రాస్తున్నాడని పేజీ తిప్పేయకండి. నేను కెనడాలోని రెజైనాలో ఆసుపత్రి దుభాషిని. ఇప్పుడు మీరు ఇంటర్‌ప్రెటర్ అంటారు. మీ కాలంలో ఆ పని ఒక పలక చేస్తోంది. నర్సు పలకను చక్రాల మీద తోసుకొస్తుంది, అందులోంచి ఎక్కడో కూర్చున్న ఎవరో మాట్లాడతారు. నా గొంతు అరిగిపోవడమూ ఆ పలక రావడమూ ఒకేసారి జరిగాయి గనుక, జుట్టు పూర్తిగా నెరవకుండానే రిటైరై, ఇలా మీలాంటి పిల్లలకు జ్ఞాపకాలు చెప్పే పనిలో పడ్డాను.

ఈ వృత్తికి ఒక మూలసూత్రం ఉంది. రోగి "నాకు నొప్పిగా ఉంది" అంటే, "ఆవిడకు నొప్పిగా ఉందట" అనకూడదు. "నాకు నొప్పిగా ఉంది" అనే అనాలి. ఎవరు మాట్లాడితే వాళ్ళ "నేను" మన "నేను" అయిపోవాలి. నేను చేరిన వారంలోనే ప్రసూతి వార్డుకు పంపారు. గది గోడలు అదిరే నా గొంతుతో, "నాకు ఉమ్మనీరు పోయినట్టుంది" అని ఇంగ్లీషులో ప్రకటించాను. కొత్తగా వచ్చిన ట్రైనీ నర్సు ముందు నా ప్యాంటు వైపు చూసింది. ఆ తర్వాతే మంచం వైపు.

రెండో సూత్రాన్ని మా సీనియరు, ఒక పంజాబీ పెద్దావిడ, చేరిన రోజునే నా తలలోకి ఎక్కించింది. "నువ్వు ఒక గొట్టానివి. ఇటు పోసింది అటు రావాలి. కలపకూడదు, వడకట్టకూడదు. గొట్టానికి అభిప్రాయాలుండవు." మన భాషలో మనిషిని గొట్టం అంటే ఏమవుతుందో పాపం ఆవిడకు తెలియదు. ఆవిడ వయసుకు గౌరవమిచ్చి నేనూ చెప్పలేదు. మొత్తానికి గదిలో ఎవరి నోట ఏ మాట వచ్చినా, తుమ్ము తప్ప మిగతాదంతా రెండో భాషలోకి వెళ్ళి తీరాలి.

మొదట్లో రెజైనాలో తెలుగు రోగి దొరకడమంటే మంచులో మల్లెమొగ్గ దొరకడమే. హిందీతో పొట్టపోసుకుంటూ, తెలుగు మరిచిపోతానేమోనని గడ్డం గీసుకునేటప్పుడు అద్దంతో మాట్లాడుకునేవాణ్ణి. తర్వాత స్టూడెంట్లు వచ్చారు. వచ్చారంటే అలా ఇలా కాదు, ప్రతి సెప్టెంబరుకూ ప్రతి జనవరికీ విమానం బోర్లించినట్టు వచ్చారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఒక క్లాసురూమంత మంది. అందరికీ కలిపి ఒకే ఒక మంచి కోటు. కోటు డ్యూటీకి వెళ్ళిందంటే అది తిరిగొచ్చేదాకా మిగతా జనాభా గృహనిర్బంధంలో ఉన్నట్టే. ఊళ్ళో ఏ కాఫీ షాపు కిటికీ దగ్గర కారు ఆపినా, కప్పు అందించే చెయ్యి కరీంనగర్‌దో కాకినాడదో అయ్యేది. కోస్తావాడి "అండీ" నిజామాబాద్ వాడికీ, వాడి "జర" వీడికీ అంటుకుని, అక్కడొక కొత్త తెలుగు పుట్టుకొచ్చింది.

ఈ పిల్లలకు ఇంగ్లీషు వచ్చు. నా అవసరం వాళ్ళకు లేదు. వాళ్ళకు ఏదైనా పెద్ద జబ్బు చేసినప్పుడు అక్కడినుంచి పరుగెత్తుకొచ్చే అమ్మలకు ఉంటుంది.

అలా ఒక అమ్మ నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చింది. అంగన్‌వాడీ టీచర్. మా ఊరి చలికాలాన్ని పట్టుచీర మీద రెండు స్వెట్టర్లు, వాటి మీద కూతురి రూమ్మేట్లందరి ఉమ్మడి కోటు వేసుకుని ఎదుర్కొంది. మనిషి పొట్టి. కానీ ఆవిడ నడిచొస్తుంటే వార్డులో నర్సులు తమకు తెలియకుండానే వరసగా నిలబడేవారు. పిల్లలకు గుడ్లు పంచేటప్పుడు ఎవరూ రెండోసారి క్యూలోకి రాకుండా కాపాడిన చూపు అది.

ఆవిడకు ఒక్కతే కూతురు. కాలేజీలో కంప్యూటర్ కోర్సు, వారాంతాల్లో కాఫీ షాపులో పని. జ్వరం తగ్గడం లేదని వెళితే రక్త పరీక్షలో బ్లడ్ క్యాన్సర్ బయటపడింది. కీమో ఇచ్చారు, తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి కీమోతో అణిచారుగానీ, అది ఎక్కువ కాలం అణిగి ఉండదని డాక్టరు చెప్పాడు. మిగిలిన దారులు రెండు. ఒకటి, బోన్ మ్యారో మార్పిడి. అంటే పెద్ద మోతాదు మందులతో అమ్మాయి ఎముకల్లోని పాత మజ్జనంతా తుడిచేసి, వేరొకరి రక్త కణాలు ఎక్కించి, కొత్త మజ్జ మొలిచేదాకా వేచి చూడడం. పూర్తిగా బాగయ్యే అవకాశం అందులోనే ఉంది. ఆ దారిలోనే ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. రెండోది, మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్ళడం. కొంతకాలం బాగానే ఉంటుంది. కొంతకాలమే. అమ్మ కణాలు కూతురికి సగం సరిపోతాయని తేలింది, ఈ రోజుల్లో సగం చాలునట. కాబట్టి డోనరు సిద్ధం. ఇక తేలాల్సింది అమ్మాయి ఒప్పుకుంటుందా లేదా అన్నదే. ఇక్కడి పద్ధతిలో ఆ మాట అమ్మాయే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా చెల్లదు.

డాక్టరు గోధుమ పొలాల మధ్య పెరిగిన మనిషి. ఆయన ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య మనం టీ కాచుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించి రావచ్చు. ఆలోచించుకుని వారం తర్వాత రమ్మన్నాడు.

ఆ వారం చివరి రోజు, లోపలికి పిలిచే ముందు, అమ్మ నన్ను వరండాలో ఒక మూలకు లాగింది. చేతిలో స్టీలు డబ్బా.

"అన్నా, గీ సకినాలు మీ ఇంట్ల పిల్లలకు."

దుభాషి రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు. మంచు దేశంలో, చేత్తో చుట్టిన, నువ్వులు కనబడుతున్న సకినాలను వద్దన్నాను. రాజ్యాలు వదులుకుని అడవులకు పోయినవాళ్ళను నాతో పోల్చి చూడమని ఆ క్షణంలో ఎవరైనా అడిగితే, నేనే గొప్పవాణ్ణని చెప్పేవాణ్ణి.

"తీస్కోకుంటె తియ్యి. ఒక్క మాట. పోయినసారి నన్ను ఒక్కదాన్నే కూసోబెట్టి డాక్టరు ఏం జెప్పిండు? పానం పోతే పోవచ్చన్నడు గద. గది పిల్లకు చెప్పకుండ్రి. భయపడి ఒద్దంటది."

"అమ్మా, గదిలో డాక్టరు అంటే నేను అనాల్సిందే. ఆయన ఇంగ్లీషులో అంటే పిల్లకు నేను చెప్పకపోయినా అర్థమవుతుంది."

"డాక్టర్ల ఇంగ్లీషు ఎవ్వలికి సమజైతది," అని కొట్టిపారేసి, డబ్బాతో సహా వెళ్ళిపోయింది.

నేను నీళ్ళు తాగి ఇటు తిరిగేసరికి కూతురు. ఊలు టోపీ, మాస్కు, ఆ రెంటి మధ్య మిగిలిన రెండు కళ్ళు.

"అంకుల్, ఒక చిన్న ఫేవర్. ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే తర్వాత నాకు పిల్లలు పుట్టరని డాక్టర్ చెప్పిండు. ఎగ్స్ ఫ్రీజ్ చేసే టైమ్ కూడా లేదంట. ఆ టాపిక్ వస్తే అమ్మకు ట్రాన్స్‌లేట్ చేయకండి."

"మరి ప్రాణానికి ప్రమాదం సంగతి?"

"అది నాకు ఎప్పటినుంచో తెలుసు అంకుల్. దానికి నేను ప్రిపేర్ అయిన. ఇదే... అమ్మ రోజూ వీడియో కాల్‌ల ఎవరి పిల్లలనో ఎత్తుకుని చూపిస్తుంటది. ఈ సంగతి తెలిస్తే తట్టుకోదు. దాచిపెట్టి ఒప్పుకుంటే మోసం చేసినట్టు ఉంటది. అందుకే మాత్రలే చాలు అందామనుకుంటున్న. నొప్పికి భయమేస్తుందని చెప్పేస్త."

అంటే, పిల్లలారా, విషయం ఇదీ. తల్లికి ఒక మాట చెప్పలేక ఆ అమ్మాయి బతికే దారిని వదులుకోబోతోంది. ఆ సంగతి లోకంలో అమ్మాయికీ నాకూ మాత్రమే తెలుసు. నేనేమో గొట్టాన్ని. వరండాలో నా చెవిన పడిన మాటను గదిలోకి మోసుకెళ్ళే హక్కు నాకు లేదు. ఆ నిమిషంలో నాకు వచ్చిన అభిప్రాయాలు మా ఊరి గోధుమ గిడ్డంగులన్నీ నింపేటన్ని. అన్నిటినీ మింగి, అమ్మకు చెప్పినదే కూతురికీ చెప్పాను. "గదిలో ఎవరి నోట వచ్చినా నా నోట వస్తుంది తల్లీ. కాబట్టి ఎవరి నోటా రాకుండా చూసుకో."

లోపల ఇంకో విడ్డూరం. అమ్మాయి అనుమతితో బల్ల మీద ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. అవతల నిజామాబాద్ జిల్లాలో అమ్మాయి పెద్దనాన్న గారి హాలు. అక్కడ రాత్రి భోజనాల వేళ. శబ్దాన్ని బట్టి ఆ హాల్లో సగం మండలం, రెండు కుక్కలు, విజిల్ మానని ఒక కుక్కర్ ఉన్నాయి. మన ఇళ్ళలో పెద్ద నిర్ణయమంటే రోగి తప్ప మిగతా అందరూ తీసుకునేది కదా. నేను నా ఉద్యోగధర్మం నిర్వర్తించాను. డాక్టరు చెవికి ఇంగ్లీషులో, ఒకే మనిషి నోటినుంచి, వరసగా చేరినవి ఇవి:

"నేను పిల్లను ఇంటికి తీసుకొచ్చేయమంటున్నాను. నాకు హైదరాబాద్‌లో ఒకాయన తెలుసు. నేను బొప్పాయి ఆకు రసం పోయమంటున్నాను. నేను ఆర్ఎంపీని, పాతికేళ్ళుగా ఊళ్ళో సూదులు నేనే వేస్తున్నాను, నా మాట వినండి. నేను ముందు పెళ్ళి చేసేయమంటున్నాను, అన్నీ అవే సర్దుకుంటాయి. నిన్నెవరడిగారు, కూర్చో. నేను కూర్చోను."

డాక్టరు నా వంక చూశాడు. పూనకం వచ్చిన మనిషిని పొరుగువాళ్ళు చూసే జాలి అది. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత అడిగాడు.

"వీటిలో అమ్మాయి అన్న మాట ఏది?"

తెలుగులో చెప్పాను. అవతల హాలు నిశ్శబ్దమైంది. కుక్కర్ కూడా ఆగింది.

"పెద్దనాన్నా, నేను మళ్ళ చేస్త," అని అమ్మాయి ఫోన్ కట్ చేసింది.

ఇక గదిలో మిగిలింది నలుగురం. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఏమనుకుంటున్నావని అడిగాడు. అమ్మాయి నేల చూస్తూ, నొప్పి అంటే భయంగా ఉందని, మాత్రలు చాలేమోనని అంది. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ చెయ్యి స్టీలు డబ్బా మూత మీద బిగుసుకుంది. డాక్టరు మరో టీ కాచుకునేంత సేపు ఆలోచించాడు. ఆయన మంచి మనిషి, గదిలో ఒక గొట్టం ఉందన్న సంగతి మరిచిపోయాడు.

"పోయినసారి నిన్ను నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టిన విషయం ఒకటుంది," అన్నాడు. "మీ అమ్మతో దాని గురించి మాట్లాడావా?"

నేను మొదలుపెట్టాను. "పోయినసారి నిన్ను నొప్పికన్నా ఎక్కువ..."

"ప్లీజ్," అంది అమ్మాయి ఇంగ్లీషులో, నావైపు చూసి. "అది అమ్మకు చెప్పకండి."

అదీ గదిలో అన్న మాటే. నా ఉద్యోగంలో నేను పలికిన అతి కష్టమైన వాక్యం అదే. దాన్ని అమ్మవైపు తిరిగి తెలుగులో పలికాను.

"ప్లీజ్. అది అమ్మకు చెప్పకండి."

అమ్మ కూతురి వంక చూసింది, నా వంక చూసింది. "ఏంది చెప్పొద్దంట?"

ఆ ప్రశ్నను ఇంగ్లీషులో డాక్టరుకు అందించాను. ఇంకా నా నోట్లో ఆయన మొదటి వాక్యం సగం మిగిలే ఉంది, పూర్తి చేయబోయాను. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. "ఉండండి. అది తనను చెప్పనివ్వండి."

అమ్మాయి మాస్కు కిందికి లాగింది.

"అమ్మా, ఇది చేయించుకుంటే నాకు ఇంక పిల్లలు కారు. ఎప్పటికీ."

"గంతేనా?"

"గంతేనా అంటే ఏందమ్మా. నీకు అర్థమైందా, నేనేమన్ననో?"

"నాకెందుకు సమజ్ కాలే. నువ్వు వచ్చే సంవత్సరం పోతవేమోనని నేను ఏడుస్తుంటె, నువ్వు ఇరవయ్యేండ్ల తర్వాత ముచ్చట జెప్తున్నవ్." ఆవిడ డబ్బా పక్కన పెట్టింది. "పిల్లలేమన్న కరువానే నాకు? పొద్దుగాల సెంటర్ తలుపు దీస్తె ముప్పై మంది ముక్కులు కార్చుకుంట వస్తరు. ఎత్తుకోమంటె ఎత్తుకుంట, కడగమంటె కడుగుత. నువ్వొక్కదానివి లేకుంటె ఆ ముప్పై మందిని ఏం జేసుకోవాలె నేను?"

ఇదంతా నేను "నేను" అంటూ ఇంగ్లీషులో డాక్టరుకు చెబుతున్నాను. ముక్కులు కడగడం దగ్గరకు వచ్చేసరికి నా ముక్కు కూడా సహకరించలేదు. గొట్టంలో చెమ్మ.

"ఇంకోటి," అంది అమ్మ, ఇక ఆగడం ఎందుకన్నట్టు. "దీంట్ల పానానికి కూడ అపాయముందట. నీకు చెప్పొద్దని గిప్పుడే ఈ అన్నను బతిమాలిన."

"అది నాకు మొదటిరోజే చెప్పిండమ్మా డాక్టర్."

"తెలిసి కూడ చెప్పలేదా నాకు?"

"నువ్వు చెప్పినవా నాకు?"

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అమ్మాయే. కీమోతో పుండ్లు పడిన నోటితో, నొప్పికి చెంప పట్టుకుని మరీ నవ్వింది. డాక్టరు అంతా విన్నాక నావైపు వంగి, "ఇద్దరూ మిమ్మల్నే అడిగారా?" అన్నాడు.

"దుభాషికి చెప్పడానికేమీ లేదు," అన్నాను, ఉన్న ఎత్తంతా నిలబడి.

అమ్మాయి వెంటనే ఊ అనలేదు. స్టూడెంటు కదా, ముందు తన సందేహం తీర్చుకుంది. ఆసుపత్రిలో ఉండగా ప్రాజెక్ట్ సబ్మిట్ చేయొచ్చా, లాప్‌టాప్ రానిస్తారా అని అడిగింది. రానిస్తాం, నీ మెదడు సహకరిస్తుందో లేదో మాత్రం హామీ ఇవ్వలేనన్నాడు డాక్టరు. వాంతులు, ఒంటరి గది, నెలల తరబడి జాగ్రత్తలు, అన్నీ మళ్ళీ ఒకసారి, ఒక్కటి కూడా తగ్గించకుండా చెప్పాడు. అమ్మాయి కూడా ఒక్కటి వదలకుండా వింది. తర్వాత అంది.

"చేయించుకుంటాను."

ఫోన్ మళ్ళీ తనే కలిపింది. అవతల పెద్దనాన్న ఒక్కరే ఎత్తారు, భోజనాలయినట్టున్నాయి.

"పెద్దనాన్నా, ట్రాన్స్‌ప్లాంట్‌కు ఒప్పుకున్న."

"ఎవర్నడిగి ఒప్పుకున్నవ్?"

"నన్నడిగిండ్రు పెద్దనాన్నా."

"సరే బిడ్డా," అన్నారాయన. "మరి మీ అమ్మకు కడుపునిండ అన్నం బెట్టుండ్రి. ఇచ్చేది ఆమెనాయె."

ఆ సాయంత్రం మా పంజాబీ పెద్దావిడ నా మొహం చూసి ఏం జరిగిందని అడగలేదు. మేం గదిలో సంగతులు బయట చెప్పుకోకూడదు. తన టిఫిన్ పరాఠాలో సగం తుంచి నాకు పెట్టి, "ఈరోజు ఏమైనా కలిపావా?" అంది.

"లేదు."

"వడకట్టావా?"

"లేదు."

"అయితే తిను," అంది.

మా వృత్తిలో కథల ముగింపులు దొరకవు. తలుపు మూసుకుంటుంది, మనం ఇంకో గదికి పోయి ఇంకొకరి మోకాలినొప్పి అయిపోతాం. ఇది మాత్రం కాస్త ముందుకు సాగింది. కణాలు నాటుకున్నాయని, అమ్మాయి మళ్ళీ క్లాసులకు వెళుతోందని తర్వాత తెలిసింది. ఇంకా కొన్నేళ్ళు చూడాలంటారు డాక్టర్లు. వాళ్ళు చూస్తారు, అది వాళ్ళ పని. నేను చెప్పాలనుకున్నది మార్పిడి రోజు సంగతి.

మార్పిడి మా ఊళ్ళో జరగదు, ఉత్తరాన ఇంకో ఊళ్ళో. అక్కడి దాకా డ్రైవ్ చేశాను. ఆ రోజు మంచు ఎంత కురిసిందంటే, దారిలో నేను చూసింది నా కారు బానెట్టూ, దేవుడూ మాత్రమే. ముందురోజు అమ్మను యంత్రానికి కలిపి కణాలు తీశారు. రెండు చేతులకూ గొట్టాలు పెట్టి, కదలకుండా కూర్చోబెట్టి, పూటంతా. ఆవిడ ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదని నర్సు చెప్పింది. నర్సునే రెండుసార్లు తిన్నావా అని సైగ చేసి అడిగిందట.

ఇక మార్పిడి అంటే ఆపరేషన్ థియేటరు, లైట్లు, పది మంది డాక్టర్లు ఉంటారని ఆవిడ ఊహ. నేనూ మనసులో కొన్ని బాకాలు, భేరీలు చేర్చుకునే వెళ్ళాను. తీరా చూస్తే ఒక నర్సు ఒక్కతే వచ్చింది. చేతిలో చిన్న సంచీ, పలచటి టమాటా చారు రంగులో. దాన్ని స్టాండుకు తగిలించి, గొట్టం కలిపింది. రెండుసార్లు పేరు సరిచూసుకుంది. అంతే, చుక్కలు మొదలయ్యాయి.

అమ్మ సంచీ వంక చూసింది. తలుపు వంక చూసింది, వెనక ఇంకా ఏమైనా తోసుకొస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు.

"అన్నా, ఇంక తీస్కోమనుండ్రి. నాకాడ శాన ఉన్నది."

ఇంగ్లీషులో చెప్పాను. నర్సు నవ్వి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. చాలా ఇచ్చారు మీరు, ఇవి ఎముకలదాకా వాటంతటవే దారి వెతుక్కుంటాయి, ఇక్కడినుంచి పని మీ అమ్మాయిది, అంది.

తెలుగులో చెప్పాను.

అమ్మ కుర్చీ మంచం పక్కకు జరుపుకుని కూర్చుంది. నిద్రమత్తులో ఉన్న కూతురి పాదాల మీద దుప్పటి సర్దింది.

"దాని పనైతె చేసుకుంటది తియ్యి," అంది.